స్తంభం చూసి ఇల్లు తీసుకునే లింగస్వామి

అద్దె ఇల్లు చూడబోయిన మనిషి ముందు నల్లా తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూస్తాడు. మా లింగస్వామి గేటు బయటే ఆగి, తల పైకెత్తి కరెంటు స్తంభాన్ని చూస్తాడు. దాని మీద 'పట్టాభి నెట్' అని రాసిన ఎర్ర పెట్టె కనిపిస్తే ఇల్లు నచ్చేసినట్టే. తర్వాత లోపలికి వెళ్లేది మర్యాద కోసం. చైతన్యపురిలో ఒక ఓనరైతే ఈయన్ని కరెంటు ఆఫీసు మనిషి అనుకుని మీటరుకు అడ్డంగా నిలబడ్డాడు.

మేమిద్దరం పద్నాలుగేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నాం. నాది జాగ్రఫీ, ఆయనది అరిథ్‌మెటిక్. దేవరకొండ పక్క పల్లె నుంచి గ్రూప్స్ రాయడానికి వచ్చి, ఇక్కడే పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నాడు. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు ఎస్సైలయ్యారు, తహసీల్దార్లయ్యారు. ఆయనకు మాత్రం సర్కారు ఉద్యోగం రాలేదు. ఆ మాట ఆయన ముందు అనకూడదు.

"రాలే అనకు సార్. కోర్టుల ఉంది" అంటాడు.

నిజమే, కోర్టులో ఉంది. 2009లో వచ్చిన ఒక నోటిఫికేషన్‌కు ఆయన పరీక్ష రాశాడు. జవాబుల 'కీ' తప్పని ఒకడు కేసు వేశాడు, ఆ కేసు తప్పని ఇంకొకడు వేశాడు. ఆ శాఖ పేరు నేను చెప్పను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. ఆ దరఖాస్తులో ఇచ్చిన ఫోను సిటీ బస్సులో పోయింది. నంబరు కూడా దాంతోనే పోయింది. అప్పటి బ్యాచిలర్ గది ఉన్నచోట ఇప్పుడు చెప్పుల షాపు నడుస్తోంది. మిగిలింది ఈమెయిల్ ఒక్కటే. సమాచారమంతా దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కే పంపుతామని, దాన్ని మార్చడానికి వీల్లేదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. ఈయన మూడుసార్లు వెళ్లి అడిగాడు, మూడుసార్లూ అదే కాగితం చూపించారు.

అందరిలా జీమెయిల్ ఇచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పుడు జీమెయిల్‌లో ఒట్టి 'లింగస్వామి' దొరకలేదు, పక్కన అంకెలు పెట్టుకోమంది. రోజంతా అంకెలతో బతికే మనిషికి పేరు పక్కన కూడా అంకెలేమిటని కోపమొచ్చింది. గదిలో నెట్ పెట్టించుకున్నప్పుడు పట్టాభి నెట్‌వాళ్లు ఒట్టి 'లింగస్వామి' పేరుతో తమ మెయిల్ ఒకటి ఉచితంగా ఇచ్చారు. మురిసిపోయి దాన్నే రాసేశాడు. కనెక్షన్ ఉన్నన్నాళ్లే మెయిల్ ఉంటుందన్న సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

అప్పటినుంచి ఆరు ఇళ్లు మారాడు. అన్నీ పట్టాభి తీగ వెళ్లినంత మేరలోనే. ఆ తీగ దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలై ఎల్బీ నగర్ దాకా వస్తుంది, నాగోల్ మలుపు దగ్గర ఆగిపోతుంది. లింగస్వామి సంసారమూ అక్కడే ఆగిపోయింది. ఆ నెట్ సంగతి అడగకండి. వాన పడితే పోతుంది, ఎండ కాస్తే నెమ్మదిస్తుంది. నాకు ఒళ్లు మండి వేరే కంపెనీకి మారమని నూరుసార్లు చెప్పాను. ఆయన నెలనెలా ఆ నెట్ ఓనరు పట్టాభికి ఫోన్ చేసి, "నెట్ మంచిగుంది సార్" అని చెప్పి పెట్టేసేవాడు. పట్టాభికి కోపమొస్తే మెయిల్ తీసేస్తాడని భయం.

ఆయన భార్య స్వప్న కొత్తపేటలో ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌లో రక్తం తీస్తుంది. మాట కూడా సూదిలాగే ఉంటుంది. ఆరు ఇళ్లలో ఒకదానికి లిఫ్టు లేదు, ఒకదానికి ఎండాకాలం నీళ్లు లేవు, ఇప్పుడున్న ఇంట్లో వంటగది కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ల బాత్రూమ్. ఈ మధ్య నాగోల్‌లో ఒక ఫ్లాటు చూసి వచ్చింది. లిఫ్టు ఉంది, రోజూ నీళ్లొస్తాయి, బాల్కనీలోకి గాలొస్తుంది. లింగస్వామి కూడా వెళ్లి చూశాడు. స్తంభాన్ని.

"పద్నాలుగేండ్ల సంది నేను ఇండ్లల్ల ఉంటలే, నీ మెయిల్ల ఉంటున్న" అందట స్వప్న. "ఒకటో తారీఖు నేను నాగోల్ పోత. నువ్వు ఒస్తె రా, లేకుంటే ఆ స్తంభం కాడనే ఉండు."

ఆ వారంలోనే పట్టాభి నుంచి మెసేజ్ వచ్చింది. వ్యాపారం పెద్ద కంపెనీకి అమ్మేశాననీ, నెలాఖరుకు పట్టాభి నెట్ ఉండదనీ దాని సారాంశం. లింగస్వామి సుద్దముక్క బల్లమీద పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. "సార్, జర తోడు రా" అన్నాడు. నా క్లాసు వేరేవాళ్లకు అప్పజెప్పి మెట్రో ఎక్కాను.

పట్టాభి ఆఫీసు ఎల్బీ నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీద ఉంది. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, అరవై దాటాయి. లింగస్వామిని చూడగానే లేచి నిలబడి, తప్పు చేసినవాడిలా చేతులు నలుపుకున్నాడు.

"మీకు మొహం ఎలా చూపించాలా అనుకుంటున్నానండీ" అన్నాడు. మూలనున్న పాత కంప్యూటర్ చూపించాడు. దాని నుదుట దసరానాటి కుంకుమబొట్టు ఇంకా ఉంది. "ఇదేనండి మన మెయిల్ మిషను. ఎనిమిదేళ్లుగా దీంట్లో మెయిల్ వాడేది మీరొక్కరే. ఎప్పుడో ఆపేద్దామనుకున్నాను. కానీ మా నెట్ బాగుందని చెప్పిన మనిషి ఈ చుట్టుపక్కల మీరొక్కరేనండీ! నాకొచ్చే ఫోన్లన్నీ తిట్లే. మీ ఫోను వచ్చిన రోజు మా ఆవిడతో కూడా చెప్పుకునేవాణ్ణి. అలాంటి మనిషికి మెయిల్ తీసేస్తానని ఎలా చెప్పను? రెండుసార్లు ఫ్యాను మార్చి మరీ నడిపాను."

లింగస్వామి కుర్చీలో కూలబడ్డాడు. ఒకాయన పొగడ్త కోసం మెయిల్ నడిపాడు, ఇంకొకాయన మెయిల్ కోసం పొగిడాడు. మధ్యలో స్వప్న ఆరు ఇళ్లలో సామాన్లు సర్దింది. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

"సార్, ఒక నిజం చెప్పాలె" అన్నాడు లింగస్వామి. కోర్టు కేసు, మార్చడానికి వీల్లేని మెయిల్, స్తంభాలు, అన్నీ చెప్పేశాడు.

పట్టాభి మూలనున్న మిషను వైపు చూశాడు. "అంటే, మా నెట్ బాగుందన్నది..." అని ఆగాడు.

"ఉన్నప్పుడు మంచిగనే ఉంటది సార్" అన్నాడు లింగస్వామి.

పట్టాభి ఒక్కసారిగా నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అవి నవ్వు నీళ్లేనా అంటే నేను చెప్పలేను.

"కొన్నవాళ్లు తీగలు తీసుకున్నారు, పెట్టెలు తీసుకున్నారు, కస్టమర్లను తీసుకున్నారు. పేరు మాత్రం మాకెందుకన్నారండీ" అన్నాడు. "మీ మెయిల్ చివరుండే పట్టాభి నెట్ డాట్ ఇన్ అనే పేరు ఇంకా నాదే. దాన్ని మీ పేరున రాసేస్తాను. మెయిల్ భద్రపరిచే కంపెనీలు వేరే ఉంటాయి, వాటిలో ఒకదానికి తగిలిద్దాం. ఆ తర్వాత ఇంట్లో మీరు ఎవరి నెట్ పెట్టుకున్నా, అసలు పెట్టుకోకపోయినా, ఈ అడ్రసుకొచ్చే ఉత్తరం మీకే వస్తుంది. ఏటేటా రెన్యువల్ మాత్రం మర్చిపోకండి. అది నా పేరు."

ఆ పని రెండు రోజుల్లో అయిపోయింది. పదహారేళ్ల బాధకు రెండు రోజులు! మూడోనాడు పట్టాభి ఆ మిషను ఆపి, దాని మీద గుడ్డ కప్పాడు. నేను నా ఫోన్‌లోంచి 'వచ్చిందా?' అని మెయిల్ పంపాను. లింగస్వామి ఫోను టింగుమంది. ఆయన దాన్ని అపాయింట్‌మెంట్ ఆర్డరు చదివినంత శ్రద్ధగా పైకి చదివాడు. ఎగతాళి చేద్దామనుకున్నాను గాని, నేనే ఇంకోసారి చదవమన్నాను.

ఒకటో తారీఖున నాగోల్‌కు మారారు. గేటు దగ్గర లింగస్వామి అలవాటుగా తల పైకెత్తాడు. స్వప్న ఆయన చేతిలో గ్యాస్ స్టవ్ పెట్టింది.

యాభై రోజుల తర్వాత, ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ల లెక్క చెబుతుండగా ఆయన ఫోను మోగింది. మెయిల్ చూసుకుని బయటికొచ్చాడు. రైళ్లు బోర్డు మీదే ఆగిపోయాయి. కేసు తేలింది, ఈయన పేరు జాబితాలో ఉంది. రేపు ఈయన పనిచేయబోయేది ఆ శాఖలోనే, అందుకే దాని పేరు చెప్పనన్నాను. పది రోజుల్లో ఇదే మెయిల్ నుంచి ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వాలి. పోస్టింగు ఆదిలాబాద్.

స్వప్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆమె ముందు ఏడ్చింది, తర్వాత ఆదిలాబాద్ అని విని ఆగింది.

"ఈడికొచ్చి రెండు నెల్లు గాలే. ఇప్పుడే గదా కర్టెన్లు కట్టిన" అంది.

"వద్దంటే వద్దు స్వప్నా. నీ ఇష్టం."

"ఆడ ఏ నెట్టు ఉండాలె?"

"ఏదైనా సరే. ఇగ అడ్రస్ మనతోనే ఒస్తది."

"అయితే ఒప్పుకో" అంది స్వప్న. "ఇల్లు మాత్రం నేను చూస్త. నువ్వు గేటు కాడ తల దించుకొని నిలబడు."