సెనేటరు పేరున ఒక రొట్టె

దుబాయ్‌లో క్యారల్ మేడం ఇంట్లో వంట చేసే మున్నీబీది నెల్లూరు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ మనసు వెన్న. మేడం జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆఫీసరు. ఆమె అన్న అమెరికాలో సెనేటరు. మన ఎంపీ లాంటివాడే, కాకపోతే రాష్ట్రం రాష్ట్రమంతా ఓటెయ్యాలి. 2006 నవంబరులో మళ్లీ గెలవాలి, గాలేమో ఎదురుగా వీస్తోంది. గెలిస్తే చెల్లెల్ని తన పార్టీ పనులు చూసుకోవడానికి పిలిపించుకుంటానన్నాడు. అంటే ఆయన గెలిచిన రోజున, మేడం పేరు మీదున్న మున్నీబీ వీసా ఖలాస్.

ఈ సంగతి మున్నీబీకి బాగా తెలుసు. తెలిసే, ఆ ఏడు మొహర్రానికి సెలవు మీద నెల్లూరు వెళ్లి, రొట్టెల పండగలో చెరువులోకి దిగింది. కోరిక తీరినవాళ్లు అక్కడ రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు అందుకుని తింటారు. ఇల్లు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, అన్నీ దొరుకుతాయి. సెనేటరు రొట్టె ఎవరిస్తారు?

“ఉద్యోగం రొట్టె తీసుకుంటా ఆపా. కుర్చీ మాత్రం ఉద్యోగం కాదా ఏంది?” అంది.

తోడొచ్చిన అక్క అక్తర్ బీ నీళ్లలోనే నెత్తి కొట్టుకుంది. “ఇల్లు రొట్టెకని కదే వచ్చావు! ఆయన గెలిస్తే మీ మేడం పోద్దంటివే. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా?”

“నువ్వు ఊరుకో!” అని కసిరింది మున్నీబీ. ఊడబోయిన ఉద్యోగం నిలబడిందని రొట్టెలు పంచుతున్న ఒక బస్సు కండక్టరు దగ్గర ఒకటి అందుకుంది. నోరు తిరగని ఆ సెనేటరు పేరు ఎలాగో పలికి, తినేసింది.

నవంబరులో ఆయన బొటాబొటీగా గెలిచాడు. మేడం వంటింట్లోకి పరుగున వచ్చి మున్నీబీని వాటేసుకుంది. మున్నీబీ ఆనందం పట్టలేక, వచ్చిన హిందీలో, రాని ఇంగ్లీషులో, రొట్టె సంగతంతా చెప్పేసింది.

మేడం ముఖం మారిపోయింది. “గెలిస్తే నేను వెళ్లిపోతానని నీకు తెలుసు కదా?”

“తెలుసు మేడం.”

“మరెందుకు కోరుకున్నావు?”

“మా అమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు నేను ముందు పనిచేసిన ఇంటివాళ్లు నా పాస్‌పోర్టు ఇయ్యలా. పక్కింట్లో ఉండే మీరొచ్చి, వాళ్లతో గొడవపడి ఇప్పించారు. అమ్మ నా ఒళ్లోనే పోయింది మేడం. ఆ రోజు నేను మీకేమవుతానని చూసుకున్నారా?”

మేడం గట్టుకు ఆనుకుని ఏడుస్తూ నిలబడిపోయింది. మున్నీబీకీ కళ్లు నిండాయి. పొయ్యి కట్టేసి, “అన్నకి ఫోన్ చేయండి మేడం, ఎదురుచూస్తుంటారు” అంది.