గున్నమ్మ గట్టు మీద బండి దారి

గున్నమ్మ ఎడమ మణికట్టు మీద అడ్డంగా ఒక మచ్చ ఉంటుంది. ఎవరైనా అడిగితే, "మా మరిది పెట్టిన కానుక" అంటుంది, నవ్వకుండా.

వాళ్లది ఒరిస్సాలో గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైతులు. గున్నమ్మ మొదటి భర్త పెళ్లైన ఏడాదికే పోయాడు. తర్వాత అసిరయ్య ఆమెను మారుమనువు చేసుకున్నాడు. మారుమనువుకి పందిరి ఉండదు, మేళం ఉండదు. ఇంట్లో దీపం ముందు తాళి కట్టి నలుగురికి భోజనం పెడితే అయిపోయినట్టే. అసిరయ్య తమ్ముడు మన్మథరావు ఆ భోజనానికి కూడా రాలేదు. అన్నదమ్ములు ఎప్పుడో వేరుపడ్డారు. గోడకి అటూ ఇటూ ఏళ్ల తరబడి బతికినా అతను ఆమెను ఒక్కసారి కూడా "వదినా" అనలేదు. "ఓసే" అనేవాడు, లేదంటే "అదుందా ఇంట్లో?" అనేవాడు.

1957 వానాకాలంలో అసిరయ్య జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. మిగిలింది ఇల్లూ, ఏటి పక్క వరిమడీ.

పదోరోజున గున్నమ్మ బతిమాలింది. "గాజులు ఇంట్లోనే తీసెత్తాను. నన్ను ఈదిలోకి లాగొద్దు."

"కుదర్దు. ఊరంతా సూడాల" అన్నాడు మన్మథరావు. "మా అన్న సచ్చేడని, ఇంక నీకీ ఊళ్లో ఏటీ నేదని అందరికీ తెలియాల."

పసుపు రాయించాడు, పూలు పెట్టించాడు, చేతులనిండా కొత్త గాజులు వేయించాడు. డప్పుతో ఏటి ఒడ్డుదాకా నడిపించాడు. అక్కడ తన మేనత్త నారాయణమ్మ చేత, ఆవిడా భర్త పోయిన మనిషే, ఆ గాజుల్ని రాయి మీద కొట్టించాడు. ముసలావిడ మెల్లగా కొడితే, "గట్టిగా కొట్టత్తా!" అని అరిచాడు. గాజుముక్క మణికట్టులో దిగిపోయింది. గున్నమ్మ ఏడవలేదు. మరిది మొహాన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

నెల తిరక్కుండా మన్మథరావు ఆమె మడిలో నాగలి దింపాడు. "మారుమనువేటి, పెళ్లేటి? మా అన్న ఉంచుకున్న మనిషివి. పుట్టింటికెలిపో. కాదంతే కోర్టుకెల్లు!" కోర్టుకెళ్లే స్తోమత ఆమెకు లేదని అతనికి బాగా తెలుసు.

గున్నమ్మ కోర్టుకి వెళ్లలేదు, నేరుగా తహశీలు ఆఫీసుకి వెళ్లింది. ఇంత చిన్న ఆస్తికి కోర్టు అక్కర్లేదని, కొత్త చట్టంలో భార్యకి హక్కుందని అక్కడి ఒడియా గుమస్తా చెప్పాడు. అర్జీ పెడితే ఊళ్లో డప్పు వేయించి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్.ఐ. బాబు, వచ్చి అందరి ముందూ విచారిస్తాడు. ఎవరైనా కాదంటే ఆ పేచీ అక్కడికక్కడే తేలాలి.

"తేలకపోతే?"

"అప్పుడు కోర్టే, మా" అన్నాడు గుమస్తా, అమ్మా అని ఒడియాలో పిలుస్తూ.

అంటే ఆ ఒక్క పూటలో గెలవాలి. ఆర్.ఐ. విచారణ ముగించి లేచేలోగా మన్మథరావు మాట విరగాలి. లేకపోతే మడి పోయినట్టే.

పక్కింటి పుణ్యవతి కంగారుపడింది. "సాక్ష్యం సెప్పమని నారాయణమ్మత్తని ముందే అడుక్కోవే!"

"అడిగితే ఆడికి తెలుస్తాది. తెలిస్తే మాట మార్సుకుంతాడు" అంది గున్నమ్మ. "ఆ మాట ఆడే అనాల. ఊరి ముందే అనాల. ఎనక్కి తీసుకోనేకుండా అనాల."

విచారణ రోజు పొద్దున్నే ఆమె గోడమీంచి పిలిచింది. "మరిదీ, ఏటి సెప్తావో గట్టిగా సెప్పు. బాబుకి సెవుడంట."

పాపం, ఆర్.ఐ.కి చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఊరి మధ్య నులకమంచం మీద కూర్చుని, "కుహ, కుహ, చెప్పండి" అన్నాడో లేదో, మన్మథరావు గొంతు చించుకున్నాడు.

"అది మా అన్న పెళ్లాం కాదు బాబూ! ఉంచుకున్నాది!"

"అరే, మెల్లగా! నేనేమైనా ఏటికి అవతల ఉన్నానా?" ఆర్.ఐ. చెవి మూసుకున్నాడు. ఆ మాట రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. "నువ్వేం చెప్తావు మా?"

గున్నమ్మ లేచి నిలబడింది. ఎడమచెయ్యి ఎత్తింది.

"బాబూ, ఉంచుకున్నదానికి ఎవులైనా ఏటి ఒడ్డున గాజులు కొట్టిస్తారేటి? కొట్టించింది ఈడే. డప్పు పెట్టించింది ఈడే. నాను వొద్దన్నాను. ఊరంతా సూడాలన్నాడు." జనం వైపు తిరిగింది. "సూసేరు కదా?"

నారాయణమ్మ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది.

"నానే కొట్టేను బాబూ. అసిరిగాడి పెళ్లామనే కొట్టేను. కాపోతే ఆ పాపం నాకెందుకురా మన్మథా?"

"అత్తా, నువ్వూరుకో!"

"ఊరుకోనురా. గట్టిగా కొట్టమన్నావు కదా, ఇప్పుడు గట్టిగా సెప్తన్నాను."

జనం గొల్లున నవ్వారు. డప్పు వాయించినతను కూడా, అవునయ్యా, నేనే వాయించానన్నాడు. "ఠిక్ అఛి, సరే" అని ఆర్.ఐ. కాగితాలు మడిచి మంచం మీంచి లేచాడు. కోతల ముందే పట్టా గున్నమ్మ పేరు మీదకి మారింది.

ఇక్కడితో ఆపేసే మనిషైతే ఆమె గున్నమ్మే కాదు!

మన్మథరావు పొలం ఆమె మడికి అవతల ఉంది. అసిరయ్య ఉన్నన్నాళ్లూ తమ్ముడి ధాన్యం బండ్లు అన్న గట్టు మీంచే వెళ్లేవి. వేరే బండి దారి లేదు. ఆ ఏడు కోతల్లో గున్నమ్మ గట్టుకి అడ్డంగా ముళ్లకంప వేసి, దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మన్మథరావు బండి వచ్చి ఆగింది.

"కంప తియ్యి."

"ఎవులు నువ్వు?"

"ఏటా మాట? నీ మరిదిని!"

"నాకు పెళ్లే అవనేదంట. మరిదెక్కడినుంచొచ్చేడు?"

ఎద్దులు తలలు విదిలించాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన పడితే బండిలో ధాన్యం తడిసిపోతుంది. పక్క పొలాల వాళ్లు కొడవళ్లు ఆపి చూస్తున్నారు. మన్మథరావు నేలచూపులు చూస్తూ గొణిగాడు.

"వదినా."

"వినపడనేదు. నాకూ సెవుడే."

"వదినా!"

ఆ అరుపుకి ఏటి ఒడ్డు కొంగలు లేచాయి. గున్నమ్మ తాపీగా లేచి సరిగ్గా బండి పట్టేటంత మేర కంప జరిపింది. బండి దాటగానే మళ్లీ వేసేసింది.

మన్మథరావు వెనక్కి తిరిగి చూశాడు. "ఇంకా బళ్లున్నాయి కదా!"

"రానీ మరిదీ" అంది ఆమె, పీట మీద సర్దుకుని కూర్చుంటూ. "బండికొకసారి."