ట్రైనింగుకని చెప్పి వెళ్ళిన పన్నెండు రోజులు

పాత పసుపుతాడు మెడలో ఉండగానే కొత్తది వేసుకోవాలి, ఆ తరువాతే పాతది తీయాలి, ఒక్క క్షణమైనా మెడ బోసిగా ఉండకూడదు అని పెళ్ళైన కొత్తలో మా అత్తమ్మ నేర్పింది. ఈ పొద్దున తలుపు గడియ వేసుకుని అట్లాగే మార్చుకుంటూ ఉంటే, పసుపు తడి ఆరని తాడు రవికెలోకి జారింది. దాన్ని పైకి తీయబోయిన నా వేళ్ళు ఎడమ పక్కన, ఇప్పుడు మచ్చ తప్ప ఏమీ లేని చోట, వాటంతట అవే ఆగిపోయాయి. రెండేళ్ళ కిందట ఇదే గదిలో, ఇట్లాగే జారిన తాడును తీస్తున్నప్పుడే, ఆ వేళ్ళకు చింతగింజంత గట్టిది ఒకటి తగిలింది. ఆ రోజు బయట మా అబ్బాయి సైకిలు గంట ఆపకుండా కొడుతున్నాడు, వంటింట్లో కుక్కరు కూస్తోంది, నేను మాత్రం ఆ గింజ మీద వేలు పెట్టి, నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, నొప్పి లేని గడ్డే చెడ్డదని ఎక్కడో విన్నందుకు, నొప్పి పుడితే బాగుండునని ఎదురుచూశాను. నొప్పి లేదు. అప్పుడు మొదలైన భయం ఇది. ఎల్లుండి మళ్ళీ పరీక్షకు గుంటూరు పోవాలి కాబట్టి, పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇదంతా రాసుకుంటున్నాను.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. నా ఈడు ఆడవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదనుకుంటాను. డిగ్రీ చదివి, మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే దాన్నే అయినా, రవికె లోపలి సంగతి నోటితో అనాలంటే నాకు మాట రాలేదు. మాకు ఆ మాటలు నేర్పినవాళ్ళు ఎవరున్నారు? నేను నాలుగో తరగతిలో ఉండగా మా అమ్మమ్మ పోయింది. ఏమైందని అడిగితే జ్వరం అన్నారు. మంచం వేసిన గది తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉండేది, పిల్లలం అటు పోతే తరిమేవాళ్ళు, కానీ ఆ తలుపు సందులోంచి వచ్చే వాసన జ్వరం వాసన కాదని నాకు అప్పుడే తెలుసు. పదో రోజున మా వారికి చెప్పాను. ఆయన ఎరువుల దుకాణం తాళం వేసి నన్ను గుంటూరు తీసుకుపోయారు. సూది పరీక్ష అయింది, ఫలితం వచ్చింది, రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. ఇంటికి వచ్చే దారంతా నేను ఒకటే ఆలోచించాను, నేను లేకపోతే మా అమ్మాయికి రెండు జడలు వేసేది ఎవరని. ఇంతకన్నా పెద్ద సంగతులు ఎన్నో ఉండగా, ఆ ఒక్కటే తలలో తిరిగింది.

పిల్లలకు అబద్ధం చెప్పమన్నది ఎవరూ కాదు, నేనే. అప్పటికి అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి అయిదు. టీచర్లకు గుంటూరులో ట్రైనింగు ఉంది, పన్నెండు రోజులు, అవ్వ మాట వినండి అని చెప్పి, పెట్టెలో రెండు పుస్తకాలు వాళ్ళకు కనబడేట్టు పైన పెట్టి మరీ బయలుదేరాను. అబ్బాయి ట్రైనింగులో ఫెయిలైతే ఏం చేస్తారని అడిగాడు. అమ్మాయి ఏమీ అడగలేదు. రైలు దొనకొండ దాటాక, వాళ్ళను కడసారి చూసింది అదేనేమో అనిపించి, కిటికీ కమ్మీ పట్టుకుని వణికాను. మా వారు చలి కాబోలు అనుకుని అద్దం దించారు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను సాయంత్రం ఒక గంట మాత్రమే రానిచ్చేవాళ్ళు. అత్తమ్మ పిల్లల దగ్గర ఉండిపోయింది. కాబట్టి ఆ పన్నెండు రోజులూ నాకు తోడు అటు పక్క మంచం, ఇటు పక్క మంచం. కిటికీ వైపు మంచంలో వెలిగండ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దమ్మ, గొర్రెలు మేపే ఇంటి మనిషి, భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఆపరేషను అయి వారమైంది. గోడ వైపు మంచంలో కురిచేడు అక్క, మిరపా పత్తీ వేసే రైతు కుటుంబం, ఆమెకు నాలుగు రోజుల ముందు అయింది. నేను వచ్చిన మొదటి సాయంత్రం దుప్పటి ముసుగు పెట్టి పడుకుంటే, అక్క నా దుప్పటి కొస పట్టి లాగి, "ఏందమ్మా, మా మొగాలు అంత బాగలేవా?" అంది. అంతే, ఇక వాళ్ళు నన్ను ఒంటరిగా వదల్లేదు.

ఆపరేషను రోజు పొద్దున సిస్టరు వచ్చి గాజులు, మెట్టెలు, తాళి అన్నీ తీసేయమంది. నా చేతులు మెడ దగ్గరికి పోయి అక్కడే బిగుసుకున్నాయి. ఎవరు మొదలు పెట్టారో తెలియదు కానీ, ఆ వార్డులో ఒక అలవాటు ఉండేది: లోపలికి పోయే మనిషి తాళిని, ఆపరేషను అయి తిరిగొచ్చిన మనిషి తన మెడలో వేసుకుని ఉండేది, ఆమె స్పృహలోకి వచ్చాక ఇచ్చేది. నాది తాను వేసుకుంటానని అక్క ముందే మాట ఇచ్చింది. తీరా ఆ పొద్దున అక్కకు జ్వరం తగిలి, ఏదో స్కానింగుకు కిందికి తీసుకుపోయారు. నన్ను తీసుకుపోయే బండి వచ్చేసింది.

"పెద్దమ్మా, నువ్వేసుకో," అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి పోయింది. "నేనేంది పాపా! మొగుడు పోయిన దాన్ని. తెలిసి తెలిసి నీ తాళి నా మెడలో ఏసుకుంటానా? అరిష్టం."

"నువ్వు లోపలికి పోయి తిరిగొచ్చినావు కదా. నాకదే కావాల."

ఆ ధైర్యం నాది కాదు, భయానిది. అంత భయంలో మనిషికి శకునాలు కూడా గుర్తుండవు, చెయ్యి అందేది ఒక్కటే గుర్తుంటుంది. ఆమె నా ముఖం చూసి, కుడి చెయ్యి చాచింది. "మెడలో ఏసుకోను. పిడికిట్లో పట్టుకుంటా. నువ్వొచ్చిందాకా ఇప్పను, పో."

నాకు తెలివి వచ్చేసరికి ఎడమ వైపు ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంది, చంక కింద నుంచి ఒక గొట్టం, దాని చివర ఎర్రటి నీళ్ళు పట్టే డబ్బా. కళ్ళు తెరిస్తే పెద్దమ్మ పిడికిలి కనబడింది. విప్పితే అరచెయ్యంతా పసుపు. మధ్యాహ్నం అన్నం పళ్ళెం అట్లాగే మూత పెట్టి ఉంటే, తినమని సిస్టరు కసిరిందట; కుడి చేతిలో తాళి ఉంది, అన్నం ఏ చేత్తో తినమంటావని ఈమె ఎదురు కసిరిందట. రెండో రోజు ఫోనులో అత్తమ్మ మొట్టమొదట అడిగింది తాళి ఎవరి దగ్గర పెట్టావని. దాచలేక చెప్పేశాను. ఇప్పుడేమంటుందోనని నేను బిగబట్టుకుని ఉంటే, "ఆయమ్మ తర్వాతైనా అన్నం తినిందా?" అంది అత్తమ్మ. "మావోడికి చెప్తా, ఆయమ్మకు ఏం కావాల్నో కనుక్కోమని."

కట్టు విప్పి కడిగేటప్పుడు నేను ఎప్పుడూ తల పక్కకు తిప్పుకునేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ మంచం మీద నుంచే, "మా మందలో ఒక గొర్రెకు పొదుగు ఒక పక్క చెడిపాయ. రెండో పక్కతోనే పిల్లను సాకె. ఆ పిల్ల ఇప్పుడు పొట్టేలయి నన్నే పొడుస్తాంది," అంది. కురిచేడు అక్క వెంటనే, "అయితే మేమూ నీ మందలో చేరినట్టేలే. బొచ్చు మాత్రం కత్తిరించొద్దు పెద్దమ్మా," అంది. "నాకెందుకు ఆ పని? సూదిమందులు మొదలుపెడితే అదే ఊడుద్ది." ముగ్గురం నవ్వాం. నవ్వితే కుట్లు లాగేవి, అందుకని పక్కన చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వేవాళ్ళం. నవ్వు ఆగిన మరుక్షణం భయం మళ్ళీ వచ్చి కూర్చునేది, అదేమీ దాచను.

చెయ్యి పైకి లేవడానికి గోడ మీద వేళ్ళను చీమల్లా పాకించమని డాక్టరు చెప్పారు. నా సంచిలో బడి బలపం ముక్క ఒకటి ఉంటే, ఎవరి వేళ్ళు ఎంతవరకు పోయాయో దానితో గోడ మీద గీతలు పెట్టాం. పొద్దున ఆయా తిట్టుకుంటూ తుడిచేది, మేము మళ్ళీ గీసేవాళ్ళం. పెద్దమ్మ గీత నాకన్నా జానెడు పైన ఉండేది. ఆమె రోజూ నా వెనక నిలబడి, మోచేతి కింద తన చెయ్యి ఆనించి, నొప్పికి నేను ఆగిన చోట తానూ ఆగేది.

రోజూ సాయంత్రం పిల్లలతో ఫోను. అబ్బాయి బడి కబుర్లు చెప్పేవాడు. అమ్మాయి మాత్రం, ట్రైనింగులో భోజనం బాగుంటుందా అమ్మా, రాత్రి తొందరగా పడుకోనిస్తారా అని అడిగేది. ఏడవదు, ఎప్పుడొస్తావని అడగదు. ఒకరోజు, నువ్వు తొందరపడి రావద్దులే, తమ్ముణ్ణి నేను చూసుకుంటున్నా అంది. ఎంత బాగా నమ్మిందో అని నేను తేలికపడి పక్కవాళ్ళతో చెప్పుకున్నాను.

కురిచేడు అక్క నవ్వలేదు. "నా పెద్దోడు కూడా అట్లనే మాట్లాడినాడు చెల్లీ. మోకాలి ఆపరేషనని చెప్పినా వాడికి. బస్సులో ఎవరో చెప్పేసినారంట. ఇప్పుడు నా మొగం చూడడు. నువ్వేం చెప్పినా నమ్మనంటాడు. రేపు నాకు బాగైందని చెప్పినా నమ్మడు గదా ఇంక!"

పెద్దమ్మ అంది: "తల్లి కనపడకపోతే పిల్ల అరుస్తది పాపా. అరిచే పిల్లతో భయం లేదు. అరవడం మానేసిన దాన్నే చూసుకోవాల."

ఆ మాట పట్టుకునే నేను ఇంటికి వచ్చాను. అక్క ఆ తరువాత ఎంతో కాలం లేదు; ఆమె కొడుకు చివరికి మాట్లాడాడో లేదో నేను అడగలేకపోయాను.

మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అబ్బాయి వాకిట్లోంచే చూసి, "అమ్మా, పాసైనావా!" అని అరుస్తూ నా మీదికి దూకబోయాడు. వెనక నుంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి వాడి చొక్కా పట్టి లాగేసింది. "ఆ పక్క కాదు రా! అమ్మకు ఎడం పక్క తగలకూడదు!"

దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ గోడ చాటున ఫోనులో ఏడ్చినప్పుడు విన్నదో, బడిలో ఎవరన్నా అన్నారో, ఇప్పటికీ తెలియదు. అది నా వైపు చూసి, దొంగతనం బయటపడ్డట్టు తెల్లబోయి, "ట్రైనింగు బాగా జరిగిందా అమ్మా?" అంది.

ఆ రాత్రి నాకు కుట్ల నొప్పి తెలియలేదు. పన్నెండు రోజులు ఎనిమిదేళ్ళ పిల్ల ఆ భయాన్ని ఒక్కతే మోసింది, తమ్ముడికి తెలియకుండా, తనకు తెలిసిందని నాకు తెలియకుండా. మా వారు సూదిమందులు అయ్యాక చెబుదాం, చిన్నపిల్లలు అన్నారు. నాకూ అదే హాయి అనిపించింది. అయినా పెద్దమ్మ మాట గుర్తొచ్చి, తెల్లవారగానే చెప్పేయాలనుకున్నాను. ఏం చెప్పాలి? ఎట్లా మొదలుపెట్టాలి? వాళ్ళు అడిగేదానికి నా దగ్గర జవాబు లేకపోతే? గడ్డను చూసి భయపడ్డ దానికన్నా ఆ తెల్లవారుజామును చూసి ఎక్కువ భయపడ్డాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆ జబ్బు పేరు గొంతు తగ్గించకుండానే అంటాం. ఎల్లుండి నేను ఎక్కడికి పోతున్నానో, ఎందుకు పోతున్నానో ఇద్దరికీ తెలుసు. మా చిన్నప్పటి ఇళ్ళల్లో పిల్లలకు తెలియని సంగతులు ఎన్నో ఉండేవి, ఆ తెలియనితనంలో ఒక నిశ్చింత కూడా ఉండేదేమో. ఆ నిశ్చింత నా పిల్లలకు లేకుండా చేశానా అని ఒక్కోసారి దిగులు పడతాను. అయినా మళ్ళీ ఆ పొద్దుటికి పోతే అదే చెబుతాను.

నేను ఇంటికి వచ్చిన మర్నాటి పొద్దున, అమ్మాయి దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని వాళ్ళ అవ్వ కోసం మెట్టు మీద నిలబడి ఉంది. ఇద్దరినీ పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"నేను ట్రైనింగుకు పోలేదు. మీకు అబద్ధం చెప్పినా, తప్పయింది. నాకు ఇక్కడ గడ్డ వస్తే డాక్టర్లు కోసి తీసేసినారు. ఇంకా మందులు పెడతారు, జుట్టు ఊడిపోతది."

"అయితే పాస్ ఫెయిల్ లేదా?" అన్నాడు అబ్బాయి, నిరుత్సాహంగా.

అమ్మాయి దువ్వెన పళ్ళు గోటితో గీకుతూ, "క్యాన్సరా?" అంది.

"అవును."

"మళ్ళీ వస్తదా?"

"నాకు తెలీదు నాన్నా. డాక్టర్లకు కూడా ఇప్పుడే తెలీదంట. తెలిసిన రోజు నీకు చెప్తా."

అది ఒక్కసారిగా, పన్నెండు రోజులది అంతా కలిపి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆపమని నేను అనలేదు. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని దువ్వెన నా చేతికి ఇచ్చింది.

"కింద మెట్టు మీద కూర్చో," అన్నాను. "నా ఎడం చెయ్యి ఇంకా పైకి లేవదు. నొప్పి పుడితే మధ్యలో ఆపుతా. ఎందుకు ఆపినావని అడుగు, చెప్తా."