బాబాయి గారి రెండు నిమిషాలు

ఊరందరికీ ఆయన బాబాయే. రేడియోలో పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పాటలు వేస్తూ, ఉత్తరాలు చదువుతూ, మధ్యమధ్యన టైము చెబుతూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. చదువు అంతంత మాత్రం. గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది. మాట మొదలుపెడితే ఎక్కడ తేలుతుందో ఆయనకే తెలిసేది కాదు. అయినా జనం పడిచచ్చేవాళ్లు.

మధ్యాహ్నం వార్తలు చదివే ఆవిడకి మాత్రం ఆయన పేరెత్తితే ఒళ్లు మండేది. ఎందుకు మండదు చెప్పండి? పద్దెనిమిదేళ్లలో ఒక్క అక్షరం తడబడని మనిషి! ఒక్క ఉత్తరం వస్తే ఒట్టు. ఆయనకేమో సంచులకొద్దీ. బయటివాళ్ల సంగతి సరే, సొంత అత్తగారు పొద్దున్న బాబాయిని చెవులు రిక్కించి వినేది. మధ్యాహ్నం కోడలి గొంతు రాగానే రేడియో కట్టేసి కునుకు తీసేది. "నీ గొంతు రోజూ ఇంట్లో వినేదేగా" అని పైగా ఓ మాట.

ఆయన ఆవిడకి దొరికింది ఒక్కచోటే. స్టూడియో గడియారంలో ఏడూ ముప్ఫై ఎనిమిదైతే, ఈయన "ఏడూ నలభై అయిందర్రా" అనేవాడు. ఎప్పుడు చెప్పినా రెండు నిమిషాలు ముందే. ఆవిడ తేదీలతో సహా రాసి స్టేషన్ ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆఫీసరు పిలిచి అడిగితే, "చూపు ఆనడం లేదు సార్, జాగ్రత్తగా చూస్తాను" అని నవ్వేశాడు. మర్నాడు మళ్లీ మామూలే. గడియారం చూడ్డం రానివాడికి పొద్దుటి ప్రోగ్రామా అని ఆవిడ కుతకుతలాడిపోయేది.

ఉన్నట్టుండి ఓ ఆదివారం ఆయన గుండె ఆగిపోయింది. ఆఫీసరు ఆవిణ్ణి పిలిచి, "పొద్దుటి ప్రోగ్రాం మీరు చూడండి. జనం ఒప్పుకుంటే నెల తర్వాత మీకే ఖాయం చేస్తాను" అన్నాడు.

మొదటిరోజు ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడమంటే, ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. తర్వాత టైము చెప్పింది, సెకను తేడా లేకుండా. తొమ్మిదయ్యేసరికి ఫోన్లే ఫోన్లు. "రోజూ ఏడూ నలభై అని వినగానే చెప్పులేసుకుంటామమ్మా, ఫ్యాక్టరీ బస్సు దొరికేది. ఇవాళ మలుపు తిరిగిపోతూ కనిపించింది!" మూడోరోజుకి ఆఫీసరే అడిగాడు, "ఏమిటమ్మా, టైము తప్పు చెబుతున్నారట?"

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. అద్దం అవతల కూర్చునే ఇంజనీరు మెల్లగా నోరు విప్పాడు.

"ఆయన చూపు శుభ్రంగానే ఉండేది మేడమ్. 'జనం టైము విన్నాకే కదులుతారు, తాళం వెతుక్కోవాలి, చెప్పులు తొడుక్కోవాలి, ఆ రెండు నిమిషాలు నేనే కలిపేస్తున్నా' అనేవాడు."

"మరి ఆఫీసరు అడిగినప్పుడు చెప్పొచ్చుగా!"

"'ఆవిడ రాసింది నిజమేగా, నేను వాదిస్తే ఆవిడ మాట పోతుంది' అన్నాడు."

అంటే జాలిపడ్డాడన్నమాట! ఆ మాటతో ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. మంచితనంలో కూడా ఆయనదే పైచేయి కావాలా?

నాలుగోరోజు పొద్దున్న గడియారం ఏడూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. ఆవిడ పళ్లు బిగించి, "ఏడూ నలభై అయింది" అంది. జీవితంలో మైకు ముందు చెప్పిన మొదటి అబద్ధం. ఆ రోజు ఒక్క ఫోనూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నెల తిరిగింది. ఆఫీసరు కాగితం చేతికిచ్చి, "ప్రోగ్రాం మీదే. జనం ఏమంటున్నారో తెలుసా? బాబాయి పోయినట్టే లేదంటున్నారు" అన్నాడు సంబరంగా.

ఆవిడ థాంక్యూ సార్ అని చెప్పి బయటికొచ్చింది. ఎవరూ లేని మేడమెట్ల మీద కూలబడి, "పోయి కూడా నన్ను గెలవనివ్వవా బాబాయ్!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి.