ఆమెన్ తరవాత కూడా లేవని తల

మా నాంపల్లి చర్చిలో మా ఆయనంత భక్తిపరుడు లేడని పేరు. పాస్టరుగారు ‘ఆమెన్’ అన్నాక అందరి తలలూ లేచేవి, ఈయనది మాత్రం వంగే ఉండేది. “ఎంత లీనమైపోయిండో చూడు వదినా!” అని పక్క బెంచీ ఆవిడ కళ్లు తుడుచుకునేది. నేనేమో మోచేత్తో పొడిచేదాన్ని.

ఆ లీనం సంగతి పక్కన పడుకునేదాన్ని నాకు తెలియదా? గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరే ఆగిపోయేది. కుదిపితే గుటక వేసి మళ్లీ మొదలు. పొద్దున లేచి స్కూలు బస్సు తోలేవాడు, అదే బస్సులో నేను ఆయాని. గన్‌ఫౌండ్రీ దగ్గర ఎర్రలైటు పడితే చాలు, స్టీరింగ్ మీదికి వాలిపోయేవాడు. వెనకనుంచి వీపు చరచడం కూడా నా డ్యూటీ అయిపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ, “దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పరీక్ష చేయించి, వైద్యం మొదలయ్యేదాకా బండి నడపనియ్యకమ్మా” అంది. ఈయన వింటేనా! “గురక పెడితే లైసెన్స్ గుంజుకుంటరా ఏంది?” అని నామీద ఎగిరాడు. ఉద్యోగం పోతుందని ఆయన భయం.

హెవీ లైసెన్స్ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే ఆబిడ్స్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లు చూశాడు, బీపీ చూశాడు, “నిద్ర మంచిగ పడుతదా?” అనడిగాడు.

“ఔ సార్! జర కూసుంటే సాలు.”

“అదృష్టవంతుడివయ్యా!” అని నవ్వి ముద్ర కొట్టేశాడు. నేను నోరు తెరిచేలోపే తరవాతివాణ్ని పిలిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారమే పాస్టరుగారు ప్రకటించారు. సండే స్కూలు పిల్లల్ని మెదక్ తీసుకెళ్లే బస్సు ఇంతటి ప్రార్థనాపరుడే తోలాలట. చర్చంతా చప్పట్లు. మా ఆయన తల వంచుకునే ఉన్నాడు. వినయం అనుకున్నారు.

సిగ్నల్ దగ్గరంటే బస్సు ఆగే ఉంటుంది. మెదక్ రోడ్డు మీద నేను వీపు చరిచేదాకా ఆగుతుందా?

దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను.

“అయ్యగారూ, ఈయన ప్రార్థన చేస్తలేడు, నిద్ర పోతున్నడు. బస్సుల గూడ గిట్లనే పోతడు. పిల్లల్ని ఈయన చేతుల పెట్టకుండ్రి.”

ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చినట్టుంది, మా ఆయన ఉలిక్కిపడి, చర్చంతా వినపడేలా అన్నాడు:

“ఆమెన్!”