మత్తు డాక్టరు కోసం ఉపవాసం

ఒక్కరికి తప్ప ఇది ఎవరికీ చెప్పలేదు. నా సోమవారం ఉపవాసాలు శివుడి కోసం కాదు, మత్తు డాక్టరు కోసం.

తీవ్రమైన డిప్రెషన్‌కి నాకు షాక్ ట్రీట్‌మెంట్ ఇచ్చేవారు. కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాలి, అదీ పరగడుపున. మత్తు ఇస్తారు కనుక పాలచుక్క కూడా తగలకూడదు. పొద్దున్నే కాఫీ వద్దనే పిల్లని చూసి వీధి ఏమనుకుంటుందోనని అమ్మ నన్ను భక్తురాలిని చేసింది. గురువారాలు కూడా వెళ్ళాల్సి వచ్చేసరికి సాయిబాబానీ కలుపుకుంది. అంతకు ముందు నెలల తరబడి నేను మంచం దిగకపోవడం, లోపల ఏం చేసుకుంటానోనని అమ్మ బాత్రూం గడియ ఊడదీయించడం వీధికి అక్కర్లేని విషయాలు. భక్తి మాత్రం పదిమందికీ చెప్పుకోదగ్గ జబ్బు.

షాక్ ఇచ్చే డాక్టరు గారు మెదడు బొమ్మ చూపించి ఓపిగ్గా చెప్పారు. డిప్రెషన్ ఎక్కువ కాలం ఉంటే జ్ఞాపకాలకు సంబంధించిన ఒక భాగం కుంచించుకుపోవచ్చట. ఈ చికిత్స తర్వాత స్కాన్‌లో అది కాస్త పెరిగినట్టు కనిపిస్తుందట. నయం కావడానికి అదే కారణమా అంటే ఇంకా తేలలేదట. ఇంతా విన్న అమ్మకి ఒకటే సందేహం.

"పెరిగితే బయటికేమైనా తెలుస్తుందా అండీ?"

తెలియదన్నాక స్థిమితపడింది.

పెరిగే మెదడు ఈలోగా కొన్ని జ్ఞాపకాలను పారేసింది. చదివిన నవలల ముగింపులు పోయాయి. అవే పుస్తకాలు మళ్ళీ కొత్తగా చదువుకున్నాను. ఇంత సదుపాయం ఏ లైబ్రరీలోనూ ఉండదు. ఒకరోజు ఆస్పత్రి నుంచి వచ్చి, అన్ని నెలల్లో మొదటిసారి ఆకలేస్తోందన్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తర్వాతి సోమవారం, అమ్మ ఆటో మాట్లాడుతుండగా, ఎదురింటి పిన్నిగారు అభిషేకం చేయించుకుని పంచామృతం గిన్నెతో వచ్చారు. తీర్థానికి ఉపవాసం చెడదన్నారు. కాదనడం నాకు చేతకాదు. కాదంటే అమ్మ కట్టిన అబద్ధం కూలుతుంది. అరచెయ్యి చాపాను. ఒకటికి మూడుసార్లు పోశారు. ఆస్పత్రిలో నర్సు అడిగితే చెప్పక తప్పలేదు. పాలూ పెరుగూ కడుపులో ఉండగా మత్తు ఇవ్వనని మత్తు డాక్టరు వెనక్కి పంపేశారు. శివుడి ప్రసాదంతో శివుడి ఉపవాసమే రద్దయింది.

గురువారం వచ్చేలోగా ఆకలి మళ్ళీ పోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇంకోసారి చికిత్స తప్పితే లేస్తానో లేదో నాకే నమ్మకం లేదు.

గురువారం పిన్నిగారు పాలకోవా తెచ్చారు. అమ్మ లోపల గొడుగు వెతుకుతోంది. పేజీల కొద్దీ మాట్లాడే మనుషుల గురించి ఇంత చదివి, నేను కూడబెట్టుకున్నది ఇంతే.

"వద్దు పిన్నిగారూ. ఇది ఉపవాసం కాదండి. నా తలకి కరెంటు పెడతారు. ఖాళీ కడుపుతో వెళ్ళాలి."

ఆవిడ గిన్నె మీద కొంగు కప్పేశారు. వాళ్ళ తమ్ముడికీ ఇదే చేయించారట. రావులపాలెంలో అరటి గెలల బేరానికి దిగితే ఇప్పుడు ఆయన నోటి ముందు ఎవరూ నిలవరట. అమ్మ అడుగుల చప్పుడు విని గొంతు తగ్గించారు.

"మీ అమ్మకి మాత్రం నాకు తెలిసిందని చెప్పకమ్మా. పాపం, అంత కష్టపడి దాస్తోంది."