పూండి ప్లాట్‌ఫారం మీద ఎండుచేపల బుట్ట

ఇవాళ పూండి స్టేషన్లో ఒకావిడ ఎండుచేపల బుట్టతో రైలెక్కింది. ఎదుటి సీటాయన ముక్కు మూసుకుని, "వీళ్లనెందుకు ఎక్కనిస్తారో!" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మన చిన్నప్పటి ప్యాసింజరు గుర్తుందా? చేపలమ్మే మా పెద్దమ్మ రైలు పెట్టె గుమ్మంలో పెట్టిన బుట్టను ఇలాంటి పెద్దమనిషే కాలితో కిందికి తోసేశాడు. నెత్తళ్లన్నీ ప్లాట్‌ఫారం మీద చెల్లాచెదురయ్యాయి.

"ఏటి సేసినావు బాబూ? ఇయ్యమ్ముకునే గదా మా బతుకు! దిగు, నువ్వే ఏరు!" అని అరిచింది పెద్దమ్మ.

పెట్టె నిండా జనం. ఒక్కరూ నోరెత్తలేదు. రైలు వెళ్లిపోయింది. పెద్దమ్మా, నేనూ ఎండలో కూర్చుని ఏరుకున్నాం. తోసినవాడి కంటే ఆ జనం మీదే నాకు ఇప్పటికీ కోపం.

ఇవాళ మాత్రం లేచి, బుట్టతో ఎక్కినావిడకి నా సీటు చూపించాను. "ఇలా కూకో అప్పా."

పలాస దాకా ఆవిడ అతనికి ఎదురుగానే కూర్చుంది.